సీసా మీది గీత

వసతి గృహం, పై అంతస్తు
జూలై 2

అమ్మమ్మకు,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టలేకపోతున్నాను. ఫోనులో చెబుదామంటే సగం నీకు వినపడదు, మిగతా సగానికి నాకు నోరు పెగలదు. అందుకే ఉత్తరం.

శనివారం ఎనిమిదో తరగతికి సోడియం ముక్కను నీళ్ళలో వేసి చూపించాను. బొమ్మ చూపించి వదిలేయమనే పుస్తకంలో ఉంది. పిల్లలు ఆవలిస్తుంటే నీ కథ చెప్పాను. నువ్వు ప్రతి వేసవిలోనూ చెప్పేదే. చదువుకునే రోజుల్లో బళ్ళో నువ్వు సింకులో వేసిన ముక్క ఢామ్మని పేలి, మూడో కిటికీ అద్దం పగిలి, పరుగెత్తుకొచ్చిన హెడ్మాస్టరు గారి కళ్ళజోడు జారి ముక్కు కొసన ఆగిపోవడం. పిల్లలు పడీ పడీ నవ్వారు. "మాకూ చూపించండి మేడమ్" అన్నారు.

అటెండర్ పెద్దాయన సీసా తెచ్చాడు. కిరసనాయిల్లోంచి తీసి అద్దుడు కాగితం మీద పెట్టి కోస్తే, మైనంలో దిగినట్టు దిగింది కత్తి. కోసిన చోట వెండిలా మెరిసి, చూస్తుండగానే మసకబారింది. గాజు తొట్టిలో వేశాం. బుస్సుమంటూ నీళ్ళ మీద పరుగులు తీసింది. తర్వాత ఒక్కటే చప్పుడు. తొట్టి రెండు చెక్కలైంది.

ప్రతిదానికీ "ఎందుకు మేడమ్" అని లేచే రెండో బెంచి పిల్ల గురించి రాశాను కదా, ఆ పిల్ల దగ్గరగా చూద్దామని ముందుకు వంగింది. చిమ్మిన నీళ్ళు ఎడమ కంట్లో పడ్డాయి. కట్టు కట్టారు. ఇరవై మూడున విప్పుతారు. చూపు ఉంటుందో లేదో అప్పటిదాకా చెప్పలేమన్నారు.

ముక్క పెద్దదైపోయింది. ముక్క కోయడం అటెండర్ పని అని నిబంధన. ఇరవై ఐదున విచారణ. "అటెండర్ కోసిన ముక్క పరిమాణం మించినందున" అని పెద్ద మేడమ్ వాంగ్మూలం టైపు చేయించి నా బల్ల మీద పెట్టారు. సంతకం పెట్టాలి. పెడితే ఆయన ఉద్యోగం పోతుంది. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలే ఉన్నాయి ఆయనకు. నాకేమో ప్రొబేషనే పూర్తి కాలేదు.

ఏం చెయ్యమంటావు?

నీ ఉడత


ఇల్లు, వంటింటి బల్ల
జూలై 6

ఉడతకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను.

ముందు ఆ పిల్ల సంగతి. కన్ను వెంటనే కడిగారా? ఎంతసేపు? ఎవరు? నువ్వు ఆస్పత్రికి వెళ్ళి చూశావా, ఎవరో చెప్పింది విని "కట్టు కట్టారు" అని రాశావా? ఆ పిల్ల తల్లి ముందు నిలబడ్డావా? ఇంత ఉత్తరంలో ఆ తల్లి ఒక్క వాక్యంలోనైనా లేదు. పెద్ద మేడమ్ మాత్రం ఉన్నారు.

తొట్టి ఎంత మందం? పిల్లలకూ బల్లకూ మధ్య ఎన్ని అడుగులు? అడ్డంగా గాజు పలక పెట్టావా? ముక్క మిరియపు గింజంత ఉండాలని ముప్పై మూడేళ్ళు ప్రతి తరగతిలోనూ బోర్డు మీద రాశాను. మిరియపు గింజ తొట్టిని పగలగొట్టదు. ఇది బఠానీని దాటి ఉండాలి. "పెద్దదైపోయింది" అని రాశావు, పాలు పొంగిపోయాయి అన్నట్టు. ముక్కలు వాటంతటవి పెద్దవి కావు.

ఇక ఆఖరిది. "మైనంలో దిగినట్టు దిగింది కత్తి" అన్నావు. పక్కన నిలబడి చూసేవాళ్ళకు మెరుపు తెలుస్తుంది, మసక తెలుస్తుంది. మెత్తదనం మాత్రం కత్తి పట్టిన చేతికే తెలుస్తుంది.

కత్తి ఎవరి చేతిలో ఉంది?

జవాబు రాసేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

అమ్మమ్మ


వసతి గృహం
జూలై 10

అమ్మమ్మా,

సలహా అడిగితే సమన్లు పంపావు. నువ్వు అమ్మమ్మవా, పోలీసువా?

నా చేతిలోనే ఉంది. చాలా?

పెద్దాయన మిరియపు గింజంతే కోసి, కాగితం మీద పెట్టి, ఇసుక బకెట్టు తేవడానికి వెళ్ళాడు. "ఇంతేనా మేడమ్! చీమ తలకాయంత ఉంది!" అని వెనక బెంచీల వాళ్ళు గోల. నేను ఇంకోటి కోశాను. బఠానీ కాదు, రెండు బఠానీలంత. ఆయన బకెట్టుతో గుమ్మంలోకి వచ్చేసరికి అది తొట్టిలో ఉంది. ఆయన కోసింది కాగితం మీదే ఉండిపోయింది. సాయంత్రం తనే దాన్ని తీసి మళ్ళీ సీసాలో వేశాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాకు కూడా.

కన్ను కడిగింది ఆయనే. పంపు కింద పిల్ల తల పట్టుకుని, "మూయకు తల్లీ, నన్ను ఎంతైనా తిట్టుకో, కన్ను మాత్రం మూయకు" అంటూ ఇరవై నిమిషాలు కడిగాడు. నేను గోడకు అంటుకుపోయి నిలబడ్డాను. ఆ తల్లి ముందుకు వెళ్ళలేదు. ఆస్పత్రి మెట్ల దాకా రెండుసార్లు వెళ్ళి తిరిగొచ్చాను. నీ పెన్సిలుతో ఇది కూడా గీసుకో.

పెద్ద మేడమ్ ఏమన్నారో విను. "ఆయన ఫైల్లో ఇప్పటికే రెండు మెమోలున్నాయి. మూడోది ఆయనకు కొత్త కాదు. నీకు మొదటిదే ఆఖరిది అవుతుంది. నిబంధన ప్రకారం కోయాల్సింది ఆయనే కదా, ఇందులో అబద్ధం ఎక్కడుంది?"

నువ్వు నన్ను అడిగినట్టే నేనూ ఒకటి అడుగుతాను. ప్రతి వేసవిలోనూ నవ్వుతూ ఆ కథ చెప్పావే, ఒక్కసారైనా ప్రమాదం అన్న మాట అన్నావా? నీ కథలో కిటికీ తప్ప ఇంకేదీ పగల్లేదు. నీకేమీ కాలేదు. బంగారంలాంటి ఉద్యోగం చేశావు, సన్మానాలు చేయించుకున్నావు. నాకూ ఏమీ కాదనుకున్నాను. తప్పా?

ఉడత


ఇల్లు
జూలై 15

ఉడతకు,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. నేను కాగితం వృథా చేసే మనిషిని కానని నీకు తెలుసు.

తప్పు నీది కాదని రాయను. కానీ ఆ కథ అబద్ధం కాదు, సగం. మిగతా సగం మీ అమ్మకు తెలియదు. మీ తాతయ్యకు చెప్పలేదు. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను.

అప్పుడు నాకు పదిహేనేళ్ళు. చేతిరాత బాగుంటుందని సైన్సు గది స్టాకు పుస్తకం నాకు అప్పగించారు. ప్రతి శనివారం సీసాలు తూచి బరువు రాయాలి. గదిలో ఒక అటెండర్ ఉండేవాడు, సీసాల బాబాయి అనేవాళ్ళం. చదువు తక్కువ, చూపు ఎక్కువ. ప్రతి సీసాకూ సన్న కాగితం పట్టీ అతికించి, లోపల ద్రవం ఎంతవరకు ఉందో అక్కడ సిరాతో గీత పెట్టుకునేవాడు. "పుస్తకం అమ్మాయిది, గీత నాది. రెండూ కలిస్తే దొంగకు పనుండదు" అనేవాడు.

ఒక గురువారం ఆయన పోస్టాఫీసుకు వెళ్ళినప్పుడు సోడియం సీసా తెరిచాను. తీసింది గింజ కాదు, బొటనవేలంత ముక్క. పదిహేను గ్రాములు. అందులో చిటికెడు తుంచి సింకులో వేశాను. చప్పుడు, కిటికీ, కళ్ళజోడు... ఇక్కడిదాకా నీకు తెలుసు. పొద్దున పాఠంలో కోసిన తుక్కు సింకులో పడి ఉంటుందండీ అని చెప్పాను. హెడ్మాస్టరు గారు నమ్మారు.

అంతకుముందే, ఆయన పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు వినగానే, మిగతా ముక్కను కిరసనాయిలు గుడ్డలో చుట్టి సింకు కింది చెత్త కుండీలోకి తోశాను. కుండీ పొడిగానే ఉంది. మర్నాడు తీద్దామనుకున్నాను. ఆ సాయంత్రం సీసాల బాబాయి గాజు సామాను కడిగి, ఆ నీళ్ళు కుండీలో వంచాడు.

కుడి కన్ను పోయింది. పోయిందంటే పూర్తిగా.

నేను మర్నాడు పొద్దున అందరికంటే ముందు బడికి వెళ్ళాను. సొట్టబుగ్గల నీ అమాయకపు అమ్మమ్మ ఏం చేసిందో చూడు. సీసాను త్రాసులో పెట్టి, కిందటి శనివారపు బరువు వచ్చేదాకా చుక్క చుక్కగా కిరసనాయిలు పోసింది. నాలుగు వందల పన్నెండు గ్రాములు. పుస్తకంలో రాసింది. చేతిరాత వణకలేదు.

విచారణ ఆ మధ్యాహ్నమే జరిగింది. సీసాలోంచి సోడియం పోయిందంటే ఎవరో దొంగిలించారని అర్థం. పోలేదంటే అటెండర్ పాత తుక్కును జాగ్రత్త లేకుండా కుండీలో పడేశాడని అర్థం. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి అందరి ముందు తూచమన్నారు. నాలుగు వందల పన్నెండు.

కిరసనాయిలు సోడియం కంటే తేలిక. అంతే బరువుకు ఎక్కువ చోటు పడుతుంది. త్రాసును మోసం చేయవచ్చు గానీ గీతను చేయలేం. లోపలి మట్టం ఆయన గీతకు నూలుపోగంత పైన ఉంది. సీసాల బాబాయి కట్టు కట్టిన ముఖంతో వంగి, మిగిలిన కంటితో గీతను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఏమయ్యా, లెక్క సరిపోయిందా లేదా?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"అమ్మాయి లెక్క ఎప్పుడూ తప్పదండీ" అన్నాడు ఆయన.

ఎందుకలా అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. చెప్పినా ఎవరూ నమ్మరనుకున్నాడో, నేనే చెబుతానని ఎదురుచూశాడో. ఎదురుచూసే ఉంటాడు. నేను నోరు విప్పలేదు. సోమవారం నుంచి ఆయన రాలేదు.

ఆ ఏడాది చక్కని రికార్డుకు నాకు ఒక పెన్ను బహుమతిగా ఇచ్చారు. గాజు అల్మారాలో ఉన్న ఆ పెన్ను ఎందుకు రాయదని చిన్నప్పుడు అడిగేదానివి. అందులో ఏనాడూ సిరా పోయలేదు. ఆ తర్వాత నేను ఏ లెక్కా తప్పలేదు. మీరంతా దాన్ని క్రమశిక్షణ అనుకున్నారు.

నువ్వేం చెయ్యాలో చెప్పను. ఆ హక్కు నాకు లేదు. స్టాకు పుస్తకంలో తప్పు దిద్దే పద్ధతి మాత్రం చెబుతాను. గోకకూడదు, తెల్లరంగు పూయకూడదు, పేజీ చించకూడదు. తప్పు అంకె చదవడానికి వీలుగా దాని మీద ఒకే ఒక్క అడ్డగీత గీయాలి. పక్కన ఒప్పు అంకె రాసి, సంతకం పెట్టి, తేదీ వెయ్యాలి. ఆ రోజు తేదీ కాదు, దిద్దిన రోజు తేదీ.

వచ్చే వారం నేను మా పాత బడికి వెళ్తున్నాను. మీ అమ్మకు చెప్పకు, మోకాళ్ళని గొడవ చేస్తుంది.

అమ్మమ్మ


స్కూలు, సైన్సు గది
జూలై 24

అమ్మమ్మా,

రేపే విచారణ. నువ్వు ఊరెళ్ళి ఉంటావు, ఈ ఉత్తరం ఎప్పుడు చదువుతావో.

నీ మీద కోపంగా ఉంది. నాకు ఏడేళ్ళప్పుడు పెన్సిలు దొంగిలించానని షాపతని ముందు గంటసేపు నిలబెట్టావు గుర్తుందా? ఆ గంటంతా నీ మనసులో ఏం నడిచిందో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నువ్వే ఇన్నేళ్ళు చెప్పలేకపోయినది నన్ను తొమ్మిది రోజుల్లో చెప్పమంటావా? చెప్పమని రాయలేదులే. పద్ధతి మాత్రమే రాశావు. అది మరీ అన్యాయం.

నిన్న కట్టు విప్పారు. ఈసారి మెట్ల దగ్గర ఆగలేదు. పిల్లకు వెలుతురు తెలుస్తోంది. డాక్టరు చూపించిన వేళ్ళు మూడన్నది. రెండే చూపించారు. ఇంకో నెల చూడాలన్నారు. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ అటెండర్ రోజూ వచ్చి కూర్చుంటున్నాడమ్మా, తప్పు చేసినవాడిలా" అంది. నేను అవునని గానీ కాదని గానీ అనలేక బయటికొచ్చాను.

ఇవాళ పెద్దాయన సీసాలు తుడుస్తుంటే పక్కన నిలబడ్డాను. "మేడమ్, సంతకం పెట్టేయండి. మీ ముఖం చూడలేకపోతున్నా" అన్నాడు.

"మీ ఇంట్లో ఏమన్నారు?" అన్నాను.

"మా ఆవిడా? ముప్పై ఏళ్ళు సీసాలు తుడిచావు, ఆఖరికి సీసాలే నిన్ను తుడిచేశాయా అంది." నవ్వాడు. నవ్వుతూనే సీసా బిరడా మూడుసార్లు బిగించాడు. అది మొదటిసారికే బిగిసింది.

వాంగ్మూలం నా సంచీలో ఉంది. ఏం చేస్తానో నాకు తెలియదు. నిజంగా తెలియదు.

ఉడత


మా పాత బడి, ఆఫీసు వరండా
జూలై 25

ఉడతకు,

ఇప్పుడు పదకొండున్నర. నీ విచారణ జరుగుతూ ఉంటుంది. ఇక్కడ బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

పాత పుస్తకాలు మెట్ల కింది గదిలో ఉన్నాయి. గుమాస్తా కుర్ర మనిషి, మర్యాదస్థుడే. దుమ్ము దులిపి ఇస్తూ, "ఇంత పాత లెక్క ఇప్పుడు ఎవరికి కావాలండీ?" అన్నాడు. "రాసినదానికి" అన్నాను. పేజీ దొరికింది. ఇంత అందంగా ఏ అబద్ధాన్నీ ఎవరూ రాసి ఉండరు.

"అమ్మా, రికార్డులో రాయకూడదు" అని అతను అంటూనే ఉన్నాడు. నిన్న ఆ పెన్ను వేడినీళ్ళలో నానబెట్టి కడిగి సిరా పోశాను. మొదట రాయలేదు. విదిలిస్తే గుమాస్తా చొక్కా మీద రెండు చుక్కలు పడ్డాయి. ఆ తర్వాత రాసింది. అడ్డగీత. పక్కన మూడు వందల తొంభై ఏడు. సంతకం. ఇవాళ్టి తేదీ. ఆ కింద ఒక వాక్యం: "ముక్క తీసినది నేను, అటెండర్ కాదు."

అది తేలిక పని. తర్వాతది కాదు.

సీసాల బాబాయి పోయి పద్దెనిమిదేళ్ళయిందట. వాళ్ళ అమ్మాయి ఈ బడికే యూనిఫారాలు కుడుతుంది. వీధి చివర, మెట్ల మీద కుట్టు మిషను. నాకంటే పదేళ్ళు చిన్నది. ఎవరో చెప్పాను. మిషను ఆపింది. మొత్తం చెప్పాను, మధ్యలో ఆగకుండా. విన్నది. లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"నాన్న చెప్పేవాడు" అంది. "లెక్కల అమ్మాయి ఎప్పుడైనా వస్తే మంచినీళ్ళివ్వండి, కూర్చోమని మాత్రం అనకండి అని."

నిలబడే తాగాను. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చాను. ఆమె మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను మెట్లు దిగి బడికి తిరిగొచ్చాను.

ఇందులో ఒక్క మాట కూడా ఎక్కువా లేదు, తక్కువా లేదు.

అమ్మమ్మ


వసతి గృహం
జూలై 28

అమ్మమ్మా,

నీ ఉత్తరం ఇంకా అందలేదు. నువ్వు వెళ్ళావో లేదో తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నువ్వు పెన్సిలు తీయనక్కర్లేకుండా.

బల్లకు అవతల ముగ్గురు. పెద్ద మేడమ్ పెన్ను మూత తీసి నా చేతికిచ్చారు. పెద్దాయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "అటెండర్ కోసిన ముక్క" అన్న చోట చెయ్యి ఆగింది. కాగితం చించేద్దామనిపించింది. నీ పద్ధతి గుర్తొచ్చింది. "అటెండర్" మీద ఒక్క అడ్డగీత గీశాను. పక్కన "నేను" అని రాశాను. సంతకం, తేదీ.

"ఏం చేశావో తెలుసా?" అన్నారు పెద్ద మేడమ్, మెల్లగా.

"తెలుసు మేడమ్. రెండు బఠానీలంత."

ఆ తర్వాత గంటన్నర పట్టింది. నువ్వడిగిన ప్రశ్నలే అడిగారు. మందం, దూరం, గాజు పలక. అన్నింటికీ జవాబు నా దగ్గర ఉంది, నీ పుణ్యమా అని. గాజు పలక పెట్టలేదని కూడా చెప్పాను. ఈ నెలాఖరుతో నా ఉద్యోగం అయిపోయింది. ఆ కాగితం చూశాక ఇంకో బడిలో ఇస్తారో లేదో. పెద్దాయనకు ఏమీ కాలేదు. పిల్ల తల్లికి నేనే వెళ్ళి చెప్పాను. ఈసారి అంది, అనాల్సినవన్నీ అంది. పిల్ల మాత్రం "ఎందుకు మేడమ్, అంత పెద్దది ఎందుకు కోశారు?" అని అడిగింది. రెండు కళ్ళతో చూస్తూ అడిగింది. "మీరు నవ్వాలని" అన్నాను. అది జవాబు కాదని ఆ పిల్లకు తెలుసు.

నా వస్తువులు తీసుకోవడానికి సైన్సు గదికి వెళ్ళాను. పెద్దాయన మూలనున్న స్టూలు లాగి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, నా ముందు వేశాడు. "కూర్చోండి మేడమ్" అన్నాడు.

ఇంటికి వస్తున్నాను. తిట్లు అప్పుడే తిట్టు.

నీ ఉడత


ఇల్లు, వంటింటి బల్ల
ఆగస్టు 1

ఉడతకు,

ఉత్తరం చదివాను. పెన్సిలు తీయలేదు.

పై గది ఊడ్పించాను. నాలుగో తేదీ ఉదయం బండికి బయలుదేరు. గొడుగు తెచ్చుకో, ఇక్కడ వానలు. ఉద్యోగం సంగతి ఇక్కడ కూర్చుని చూద్దాం.

ఒక్క వివరం వదిలేశావు. ఆయన స్టూలు తుడిచి వేశాడని రాశావు. కూర్చున్నావో లేదో రాయలేదు.

కూర్చుని ఉంటే, ఎంతసేపు కూర్చున్నావో వచ్చాక చెప్పు. నిమిషాలతో సహా చెప్పు. నాకు కావాలి.

అమ్మమ్మ